కాఫీ నాణ్యతా ప్రమాణాలు, సుస్థిరతా ధ్రువీకరణ ముద్రలు: అరకు, పాడేరు గిరిజన తోటల అనుభవం

చీరాల, బాపట్ల ప్రాంతపు రైతుకు పంటను శ్రేణులుగా విడదీయడం కొత్త విద్య కాదు. గత శతాబ్దపు తొలి దశకాలలో ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ చీరాలలో పొగాకు కర్మాగారం నెలకొల్పిన నాటి నుండి, ఆకు మొక్కపై ఏ ఎత్తున కాసింది, బ్యారన్‌లో ఏ రంగుకు వచ్చింది, మచ్చ ఎంత అనే ప్రశ్నలు ఇక్కడి రైతు కుటుంబాల నిత్య సంభాషణలో భాగమయ్యాయి. 1937 నాటి చట్టంతో ఆగ్‌మార్క్ వచ్చింది. 1976లో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు ఏర్పడింది. 1980లలో వేలం వేదికలు వెలిశాయి. ఆ వ్యవస్థలో ఎన్ని లోపాలున్నా ఒక మేలు ఉంది. రైతు తన బేలు పక్కన నిలబడి, కొనుగోలుదారు చూసే ఆకునే తానూ చూస్తాడు. శ్రేణి తప్పు వేశారనిపిస్తే అక్కడికక్కడే వాదిస్తాడు.

అదే రాష్ట్రంలో, తూర్పు కనుమలపై కాఫీ పండించే గిరిజన రైతుకు ఈ అవకాశం లేదు. అతడు పండునో, పైపొట్టుతో ఉన్న పార్చ్‌మెంట్ గింజనో అమ్ముతాడు. ఆ గింజ పొట్టు వదిలి, జల్లెడ పట్టబడి, వేగి, పొడియై, ఎక్కడో ఒక ప్రయోగశాలలో చెంచాతో జుర్రినప్పుడు గాని దాని నాణ్యత నిర్ణయం కాదు. దానిపై పడే సేంద్రియ ముద్రను రుచి కూడా నిర్ణయించదు. ఒక దస్త్రం నిర్ణయిస్తుంది. ఆ దస్త్రం చాలా సందర్భాలలో రైతు చదవలేని భాషలో ఉంటుంది. కాఫీపై కనబడే ముద్రలను అధ్యయనం చేసే విద్యార్థి మొదట గ్రహించవలసిన విషయం ఇదే: ఈ ముద్రలన్నీ ఒకే ప్రశ్నకు సమాధానాలు కావు. గింజ ఎంత బాగుంది అనేది ఒక ప్రశ్న. ఏ నేలపై పుట్టింది అనేది మరొకటి. ఎలా పండించారు, పండించినవారికి ఏమి దక్కింది, దానికోసం అడవి నరికారా అనేవి వేరు వేరు ప్రశ్నలు. ఒకదానికి వచ్చిన సమాధానాన్ని మరొకదానికి అతికించడం విస్తరణ రంగంలో తరచు కనబడే పొరపాటు. దాని నష్టాన్ని భరించేది మాత్రం రైతే.

కప్పులో తేలే నాణ్యత

భారత కాఫీ బోర్డు శ్రేణీకరణలో పండు గుజ్జు తీసి, కడిగి, ఆరబెట్టిన అరబికాను 'ప్లాంటేషన్' అని, పండును గుజ్జుతోనే ఎండబెట్టినదాన్ని 'చెర్రీ' అని వ్యవహరిస్తారు. ఆపై గింజ పరిమాణాన్ని బట్టి ఎ, బి, సి శ్రేణులు ఏర్పడతాయి. ప్లాంటేషన్ ఎ శ్రేణికి బరువులో కనీసం 90 శాతం గింజలు 6.65 మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రాల జల్లెడపై నిలవాలి. పండులో రెండు గింజలకు బదులు ఒకే గుండ్రటి గింజ ఏర్పడితే అది పీబెర్రీ, దానికి ప్రత్యేక శ్రేణి. ఈ విభజన వేపుడుకు ఎంతో ఉపయోగకరం. ఒకే పరిమాణపు గింజలు సమంగా వేగుతాయి. అయితే జల్లెడకు రుచి తెలియదు. పులిసిన వాసన గల పెద్ద గింజ కూడా ఎ శ్రేణిలోనే నిలుస్తుంది.

రుచిని కొలిచే విధానాన్ని స్పెషాల్టీ కాఫీ అసోసియేషన్ రూపొందించింది. 150 మిల్లీలీటర్ల నీటికి 8.25 గ్రాముల పొడి, సుమారు 93 డిగ్రీల సెల్సియస్ వేడి, ఒక్కొక్క నమూనాకు ఐదు కప్పులు. పరిమళం, రుచి, జుర్రిన తరువాత నాలుకపై మిగిలే రుచి, ఆమ్లత్వం, చిక్కదనం, సమతుల్యత, ఏకరూపత, కప్పు శుభ్రత, తీపి, మొత్తంమీద కలిగే అభిప్రాయం అనే పది అంశాలకు వేసిన మార్కులు 100కు 80 లేదా అంతకు మించితే అది స్పెషాల్టీ కాఫీ. ఇటీవల ఆ సంస్థ ఒక్క అంకెతో తీర్పు చెప్పే పద్ధతి నుండి వర్ణనకు, అభిప్రాయానికి విడివిడిగా చోటిచ్చే కొత్త విధానానికి మారుతోంది. అయినా వ్యాపారంలో 80 అనే అంకెకు ఉన్న పలుకుబడి ఇంకా తగ్గలేదు.

కప్పు పరీక్షకు ముందు పచ్చిగింజ పరీక్ష ఉంటుంది. 350 గ్రాముల నమూనాను పరచి లోపాలు ఏరి లెక్కిస్తారు. పూర్తిగా నల్లబడిన గింజ, పూర్తిగా పులిసిన గింజ, బూజు పట్టిన గింజ, పురుగు తీవ్రంగా తొలిచిన గింజ మొదటి తరగతి లోపాలు. స్పెషాల్టీ శ్రేణిలో వీటికి చోటే లేదు. నల్లగింజ ఒక్కటే ఒక పూర్తి లోపంతో సమానం. తీవ్రంగా పురుగు తొలిచినవైతే ఐదు గింజలు కలిసి ఒక పూర్తి లోపం. 350 గ్రాములలో సుమారు 2,000 అరబికా గింజలు ఉంటాయనుకుంటే, అందులో ఐదు గింజలు చాలు ఆ సరుకును స్పెషాల్టీ శ్రేణి నుండి తప్పించడానికి. ఈ అంకెను విద్యార్థులు గుర్తుంచుకోవాలి. వ్యాసం చివర దీనితో మళ్ళీ పని పడుతుంది.

పండు కోసిన రోజు

నాణ్యత తోటలో పుడుతుంది. అది పోయేది మాత్రం చాలావరకు కోతకు, ఆరబెట్టడానికి మధ్యనున్న కొద్ది రోజులలోనే. పాడేరు మన్యంలో అరబికా కోత సాధారణంగా నవంబరు నుండి జనవరి, ఫిబ్రవరి వరకు సాగుతుంది. ఒకే కొమ్మపై ఎర్రపండు, పసుపు తిరిగిన కాయ, పచ్చికాయ కలిసే ఉంటాయి. ఎర్రపండు మాత్రమే కోయాలంటే అదే చెట్టు వద్దకు మూడు నాలుగుసార్లు వెళ్ళాలి. పచ్చికాయ కలిస్తే కప్పులో వగరు, మగ్గిపోయినది కలిస్తే పులుపు. కోసిన పండును ఆ రోజే గుజ్జు తీయాలి. రాత్రంతా గోనెసంచిలో ఉంచితే లోపల వేడి పుట్టి పులియడం మొదలవుతుంది. ఆ వాసనను తరువాత ఏ కడుగుడూ పోగొట్టలేదు.

గుజ్జు తీసిన గింజపై మిగిలిన జిగురు సహజంగా పులిసి వదలడానికి వాతావరణాన్ని బట్టి సుమారు 12 నుండి 36 గంటలు పడుతుంది. గుప్పెడు గింజలు చేతిలోకి తీసుకుని పిండితే జారకుండా గులకరాళ్ళవలె గరగరమంటే కడగవలసిన సమయం వచ్చినట్లు. మన్యంలో డిసెంబరు రాత్రులు బాగా చల్లగా ఉంటాయి కనుక గడియారం కన్నా చేతినే నమ్మాలి. ఆపై గింజను నేలపై కాక, నేలకు ఎత్తుగా కట్టిన జాలీ బల్లలపై పలుచగా పరచి, తరచు కలుపుతూ, రాత్రి మంచు తగలకుండా కప్పుతూ, తేమ సుమారు 10 శాతానికి వచ్చేవరకు ఆరబెట్టాలి. మట్టినేలపై ఆరిన గింజకు మట్టివాసన పడుతుంది. తేమ మిగిలిన గింజలో బూజు పెరిగి ఆక్రాటాక్సిన్-ఎ అనే విషపదార్థం ఏర్పడవచ్చు. ఐరోపా సమాఖ్య 2023 నుండి వేపిన కాఫీలో దీని గరిష్ఠ పరిమితిని కిలోకు 5 మైక్రోగ్రాముల నుండి 3కు, ఇన్‌స్టంట్ కాఫీలో 10 నుండి 5కు తగ్గించింది. ఈ పరిమితి దాటితే ఎంతటి సుస్థిరతా ముద్ర ఉన్నా సరుకు రేవు దాటదు.

మన్యం రైతు తోట తరచు ఒకటి రెండు ఎకరాలకు మించదు. సుమారు ఆరు కిలోల పండు నుండి ఒక కిలో శుద్ధమైన గింజ వస్తుంది. రోజుకు రెండు మూడు గంపల పండు కోసే కుటుంబం సొంత పల్పర్, తొట్టి, ఆరబోత బల్లలు సమకూర్చుకోవడం సాధ్యం కాదు. అందుకే సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ, గిరిజన సహకార సంస్థ, రైతుల సహకార సంఘాల పరిధిలో సామూహిక పల్పింగ్ కేంద్రాలు అవసరమయ్యాయి. నాంది ఫౌండేషన్ తోడ్పాటుతో ఏర్పడిన చిన్న, సన్నకారు గిరిజన రైతుల పరస్పర సహాయక సహకార సంఘం ఈ మార్గాన్నే అనుసరించింది. రైతు పండు ఇస్తాడు, మిగిలిన పని కేంద్రం చూసుకుంటుంది. 'జెమ్స్ ఆఫ్ అరకు' పేరుతో జరిగిన వార్షిక రుచి పోటీలకు విదేశీ నిపుణులు వచ్చి, ఏ ఊరి గింజ ఎంత బాగుందో రైతుల సమక్షంలో చెప్పడం ఆ కృషిలో గమనించదగిన భాగం. 2017లో పారిస్ నగరంలో అరకు పేరుతో దుకాణం తెరుచుకోవడానికి, 2018లో అక్కడి ప్రి ఎపిక్యూర్ పోటీలో స్వర్ణం రావడానికి మూలం ఈ కోత, ఏరివేత, ఆరబోతలలోని శ్రద్ధయే.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఎర్రపండుకూ కలగాపులగపు పండుకూ కాటా వద్ద ఒకే ధర ఇచ్చే చోట, ఎర్రపండే ఏరమని రైతుకు చెప్పడం ఉపన్యాసమే తప్ప విస్తరణ కాదు. నాలుగుసార్లు కోసే కూలి ఎవరో ఒకరు భరించాలి. సంతలో ముందే అప్పు ఇచ్చిన వ్యాపారికి పంట రాసిచ్చిన రైతు పచ్చికాయను దూస్తే, అది అజ్ఞానం కాదు, లెక్క.

పుట్టిన చోటు ముద్ర

2019 మార్చిలో ఐదు భారతీయ కాఫీలకు భౌగోళిక గుర్తింపు లభించింది: కూర్గ్ అరబికా, వయనాడ్ రోబస్టా, చిక్కమగళూరు అరబికా, బాబాబుడన్‌గిరి అరబికా, అరకులోయ అరబికా. అరకులోయ అరబికా పరిధిలో నాటి విశాఖపట్నం జిల్లా కొండ ప్రాంతాలే కాక ఒడిశాలోని పరిసర ప్రాంతమూ ఉంది. సముద్రమట్టానికి సుమారు 900 నుండి 1,100 మీటర్ల ఎత్తు, గిరిజనుల సేంద్రియ సాగు పద్ధతి దాని వర్ణనలో భాగం. 2022లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినందున పాత పత్రాలలోని జిల్లా పేరును విద్యార్థులు సరిచూసుకోవాలి.

భౌగోళిక గుర్తింపు పేరును కాపాడుతుంది. వేరే చోటి గింజను అరకు పేరుతో అమ్మడాన్ని చట్టరీత్యా అడ్డుకునే ఆయుధం అది. అయితే ఆ పేరుతో వచ్చిన ప్రతి గింజ కప్పులో బాగుంటుందని అది హామీ ఇవ్వదు. వర్ణనలో సేంద్రియ పద్ధతి అని ఉన్నంత మాత్రాన ప్రతి తోటకూ సేంద్రియ ధ్రువీకరణ ఉన్నట్లూ కాదు.

మందు కొట్టని తోటకు కాగితం ఎందుకు?

శిక్షణా తరగతులలో గిరిజన రైతు నుండి వచ్చే అత్యంత సహేతుకమైన ప్రశ్న ఇది. తాత కాలం నుండి మందు చల్లని తోటకు 'సేంద్రియం' అని మరొకరు వచ్చి చెప్పాలా? దీనికి దాటవేత సమాధానం తగదు. మందు వాడకపోవడం ఒక వాస్తవం. దానిని అపరిచితుడికి నిరూపించగలగడం మరొక పని. ధ్రువీకరణకు డబ్బు చెల్లించేది ఆ రెండో పనికే.

మనదేశంలో ఎగుమతికి ఉద్దేశించిన సేంద్రియ ధ్రువీకరణ 2001లో మొదలైన జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం కింద, అపెడా పర్యవేక్షణలో జరుగుతుంది. కాఫీ వంటి బహువార్షిక పంటకు సాధారణంగా మూడేళ్ళ పరివర్తన కాలం ఉంటుంది. ఒంటరి రైతు తనిఖీ ఖర్చు భరించలేడు కనుక 25 నుండి 500 మంది వరకు రైతులు ఒక బృందంగా చేరి, అంతర్గత నియంత్రణ వ్యవస్థను ఏర్పరచుకుంటారు. బృందంలోని శిక్షణ పొందిన తనిఖీదారు ప్రతి సభ్యుడి తోటను చూస్తాడు. బయటి ధ్రువీకరణ సంస్థ ఆ వ్యవస్థ పనితీరును, కొన్ని తోటలను మాదిరిగా ఎంచి పరీక్షిస్తుంది.

ఈ వ్యవస్థ ప్రాణం పరస్పర బాధ్యత. ఒక సభ్యుడు నిషిద్ధ మందు వాడితే, బృందం తానే కనిపెట్టి అతడి పంటను వేరు చేస్తే వ్యవస్థ పనిచేస్తున్నట్లు. బృందం కనిపెట్టలేకపోయినా, కనిపెట్టి దాచినా మొత్తం బృందపు ధ్రువపత్రానికే ముప్పు. అందువల్ల కాఫీ తోటను ఒక్కదాన్నే చూడడం చాలదు. కింది మడిలో వరికి చల్లిన యూరియా, పక్క చెక్కలో అల్లానికి పోసిన మందు, నీడచెట్లపైకి పాకించడానికి తెచ్చిన మిరియాల మొక్కకు నర్సరీలో జరిపిన శుద్ధి, పండు నింపిన పాత ఎరువుల సంచి: తనిఖీలో దొరికేవి ఎక్కువగా ఇవే.

కాగితాలలో మిగిలినవన్నీ ఒక ఎత్తు, దిగుబడి అంచనా ఒక ఎత్తు. ప్రతి తోటకు కోతకు ముందు అంచనా రాస్తారు; సంఘం కొన్న పరిమాణం దానికి మించరాదు. ఇరుగుపొరుగు తోటల పండు సేంద్రియ ఖాతాలోకి జారుతోందో లేదో తేల్చేది ఈ పోలికే. అంచనాను కార్యాలయంలో కూర్చొని అందరికీ ఒకే అంకెగా వేస్తే ఆ నియంత్రణకు అర్థం లేదు. ఎకరానికి చెట్లెన్ని, ఈ ఏడు పూత జల్లు పడిందా, గత ఏడు భారీగా కాసి ఈ ఏడు చెట్టు అలసిందా అని చూసి వేసిన అంచనాయే నిలబడుతుంది. ఈ పనిలో వ్యవసాయ శాస్త్ర విద్యార్థి సంఘానికి చేయగల సాయం తక్కువేమీ కాదు.

ధ్రువపత్రం ఎవరి పేరున ఉన్నది అనేది అంతకన్నా బరువైన అంశం. తనిఖీ ఖర్చు పెట్టిన కొనుగోలుదారు పేరున పత్రం ఉంటే, రైతు ఆ కొనుగోలుదారుకు అమ్మినప్పుడే తన పంట సేంద్రియం. అదే గింజను మరొకరికి అమ్మితే అది మామూలు గింజ. పత్రం సంఘం పేరున ఉంటే బేరమాడే శక్తి సంఘానికి వస్తుంది. జాతీయ కార్యక్రమపు కొత్త నియమాలు రైతు బృందానికి చట్టబద్ధ రూపం ఉండాలనడం, ఐరోపా సమాఖ్య కొత్త సేంద్రియ చట్టం కూడా 2,000 మందికి మించని సభ్యులతో చట్టబద్ధ బృందాన్ని కోరడం ఈ దిశలో మేలైన మార్పులే. కాని సంఘం లెక్కలు రాసుకోగలిగితేనే ఆ మేలు దక్కుతుంది. ఇంట్లో కువి లేదా ఆదివాసీ ఒడియా మాట్లాడే రైతు చేతిలో ఇంగ్లిష్ డైరీ పెట్టి వేలిముద్ర వేయించుకోవడం రికార్డు అనిపించుకోదు. బొమ్మలతో, తెలుగు అంకెలు కాక వాడుకలో ఉన్న అంకెలతో, ఒక పేజీకి ఒక నెల చొప్పున తయారు చేసిన పుస్తకాన్ని బడికి వెళ్ళే పిల్లలు సైతం నింపగలరు.

దేశీయ విపణికి భాగస్వామ్య హామీ విధానమనే తేలిక మార్గం ఉంది. రైతులు ఒకరి తోటను ఒకరు తనిఖీ చేసుకుంటారు. 2017 నాటి ఆహార భద్రతా నిబంధనల ప్రకారం సేంద్రియమని చెప్పుకునే ప్యాకెట్‌కు ఈ రెండు మార్గాలలో ఏదో ఒకటి ఉండాలి, జైవిక్ భారత్ చిహ్నం కనబడాలి. చీరాలలోనో బాపట్లలోనో కిరాణా దుకాణంలో కాఫీపొడి కొనేవారు ఆ చిహ్నం కన్నా ముందు చూడవలసిన వరుస మరొకటుంది: కాఫీ ఎంత శాతం, చికోరీ ఎంత శాతం. మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గరాదు, రెండింటి శాతాలూ ప్యాకెట్‌పై ముద్రించాలి. కోస్తా నాలుకకు చికోరీ చిక్కదనం అలవాటే, అందులో తప్పు లేదు. ప్యాకెట్‌లో సగం వరకు చికోరీ ఉన్నప్పుడు కప్పులోని గుణమంతా తోటదే అనుకోవడం మాత్రం తొందరపాటు.

ధరను గురించిన ముద్ర

1988లో నెదర్లాండ్స్‌లో మాక్స్ హావెలార్ ముద్ర మెక్సికో చిన్న రైతుల కాఫీపై మొదలైంది. మరుసటి ఏడాదే అంతర్జాతీయ కాఫీ ఒప్పందపు కోటాలు కుప్పకూలి ధరలు పడిపోయాయి. ఆ కాలం నుండి ఎదిగినదే ఫెయిర్‌ట్రేడ్. ఇది రుచిని గురించి గాని, నేలను గురించి గాని ప్రధానంగా మాట్లాడదు. విపణి పడిపోయినప్పుడు రైతు సంఘానికి నేల చూపిస్తుంది. 2023 ఆగస్టు నుండి కడిగిన అరబికాకు కనీస ధర పౌనుకు 1.80 డాలర్లు. సేంద్రియమైతే అదనంగా 0.40 డాలర్లు. వీటిపై సంఘానికి 0.20 డాలర్ల ప్రీమియం.

లెక్క వేసి చూస్తే ప్రీమియం టన్ను పచ్చిగింజకు సుమారు 440 డాలర్లు. 150 కిలోల శుద్ధ గింజ ఇచ్చిన రైతు వాటా 66 డాలర్ల దాకా వస్తుంది గాని, అది అతడి చేతికి రాదు. దాన్ని ఎలా ఖర్చు పెట్టాలో సంఘ సమావేశం తీర్మానిస్తుంది. సమావేశానికి ఎవరు వచ్చారు, మహిళలు మాట్లాడారా, తీర్మానం ఏ భాషలో చదివారు అనేవి కూడా ఈ ముద్రకు సంబంధించిన సాంకేతిక వివరాలే. 2019లో అరబికా అంతర్జాతీయ ధర పౌనుకు ఒక డాలరు కన్నా తగ్గినప్పుడు కనీస ధర నిజమైన ఆసరా అయింది. 2025 ఫిబ్రవరిలో ధర 4 డాలర్లు దాటినప్పుడు అదే కనీస ధరకు పని లేకపోయింది. అటువంటి ఏడాది సంఘానికి ఎదురయ్యే చిక్కు వేరు: సభ్యులు సంఘాన్ని విడిచి, ఎక్కువ ఇచ్చే దళారికి అమ్ముకుంటారు. ఒప్పుకున్న సరుకు సంఘం అందించలేదు.

నీడ, అడవి

మన్యపు కాఫీ నీడలో పెరుగుతుంది. అరబికాకు తెల్ల కాండం తొలుచు పురుగు బెడద తగ్గడానికి కూడా సరైన నీడ అవసరం. ఈ నీడను విలువగా మార్చే ముద్రలున్నాయి. స్మిత్‌సోనియన్ సంస్థ పక్షిహిత ముద్రకు సేంద్రియ ధ్రువీకరణతో పాటు కనీసం 40 శాతం ఛాయ, పదికి తగ్గని వృక్షజాతులు కావాలి. ఇక్కడ పాడేరు తోటలకు చిక్కు వస్తుంది. వేగంగా, నిటారుగా పెరుగుతుందని, మిరియాల తీగకు అనుకూలమని సిల్వర్ ఓక్‌ను ప్రతిచోటా నాటారు. అది ఆస్ట్రేలియా నుండి వచ్చిన చెట్టు. మిరియాల ఆదాయం రైతుకు వాస్తవం, దానిని కాదనలేం. కాని వరుసగా ఒకే జాతి నిలిచిన తోటలో నీడ ఉంటుంది, వైవిధ్యం ఉండదు. పనస, నేరేడు, మామిడి, మద్ది వంటి చెట్లను తోటలో మిగుల్చుకున్న రైతు ఈ ముద్రకు దగ్గరగా ఉన్నాడు. ఆ సంగతి అతడికి ఎవరూ చెప్పలేదు.

స్వచ్ఛంద ముద్రల కాలం దాటి చట్టం రంగంలోకి దిగింది. ఐరోపా సమాఖ్య 2023లో తెచ్చిన అటవీ నిర్మూలన నిరోధక నిబంధన ప్రకారం 2020 డిసెంబరు 31 తరువాత అడవిని వ్యవసాయ భూమిగా మార్చిన చోట పండిన కాఫీ అక్కడి విపణిలో ప్రవేశించరాదు. ప్రతి తోటకు భౌగోళిక స్థానం చెప్పాలి; నాలుగు హెక్టార్ల లోపు తోటకు ఒక బిందువు చాలు. అమలు రెండుసార్లు వాయిదా పడింది. వాయిదాను మాఫీ అనుకోరాదు. ఈ నిబంధన ఉత్పత్తి దేశపు చట్టాలకు అనుగుణంగా పండించినదై ఉండాలని కూడా కోరుతుంది కనుక, 2006 అటవీ హక్కుల చట్టం కింద రైతుకు వచ్చిన పట్టా ఇప్పుడు ఎగుమతి పత్రాలలో ఒకటవుతుంది. పాత పోడుభూమిలో నీడచెట్లు నాటి కాఫీ వేసిన రైతు నిజానికి చెట్ల సంఖ్యను పెంచాడు. సహజమైన అడవి గుబురు కింద కొత్తగా పొదలు కొట్టి కాఫీ నాటితే ప్రశ్న వేరు. ఉపగ్రహ చిత్రంలో ఈ రెండూ పచ్చగానే కనబడతాయి. తోట చరిత్రను ఊరి పెద్దల సాక్ష్యంతో, తేదీతో రాసి ఉంచడం అందుకే అత్యవసరం.

కాయతొలుచు పురుగు పెట్టిన పరీక్ష

మనదేశంలో 1990లో నీలగిరి జిల్లా గూడలూరు వద్ద తొలిసారి కనబడిన కాఫీ కాయతొలుచు పురుగు, హైపోథెనెమస్ హంపై, దక్షిణాది తోటలను మూడు దశాబ్దాలకు పైగా వేధించింది. తూర్పు కనుమలు చాలాకాలం తప్పించుకున్నాయి. 2025లో అరకు ప్రాంతంలో అది కనబడింది. పైన చెప్పిన ముద్రలన్నీ ఒకేసారి పరీక్షకు వచ్చిన సందర్భం ఇది.

ఆడపురుగు కాయ కొనవద్ద సన్నని రంధ్రం చేసి లోపలికి పోయి గింజలోనే గుడ్లు పెడుతుంది. సంతతి అక్కడే పెరుగుతుంది. లోపలికి పోయిన పురుగును పైన చల్లిన మందు చేరడం కష్టం. సంప్రదాయ సాగులో కూడా రసాయనం దీనికి పూర్తి సమాధానం కాలేదు. సేంద్రియ బృందంలో ఆ దారి అసలే లేదు. పైగా 2,000 గింజలలో ఐదు గింజల లెక్క ఇక్కడే పనిచేస్తుంది. బొక్కలు పడిన గింజలు కొద్దిగా కలిసినా స్పెషాల్టీ ధర పోతుంది. బొక్కలలో బూజు చేరితే ఆక్రాటాక్సిన్ భయం కూడా.

భయపడిన రైతు సంతలో దొరికే ఏదో ఒక డబ్బా కొని కొట్టడం సహజం. అతడు ఒక్కడు కొడితే చిక్కులో పడేది అతడి బృందంలోని వందల మంది. కాబట్టి వార్త తెలిసిన వారంలోనే విస్తరణ సిబ్బంది ఊరికి చేరడం, మందు కాక ఏమి చేయవచ్చో చేసి చూపడం అవసరం. చేయవలసినది చాలావరకు శ్రమే. పురుగు సోకిన కాయలను పూర్తిగా దూసి, మరిగే నీటిలో రెండు మూడు నిమిషాలు ముంచాలి, లేదా లోతుగా పాతిపెట్టాలి. కోత ముగిశాక చెట్టుపై, నేలపై ఒక్క కాయ మిగలకుండా ఏరాలి. అకాలపు పూత కాయలను తీసివేయాలి. పల్పింగ్ కేంద్రాల వద్ద, కోత తరువాత తోటలలో మద్యసార ఆకర్షక ఎరలు పెట్టాలి. తేమగా ఉండే వానాకాలంలో బవేరియా బాసియానా శిలీంధ్రాన్ని పిచికారీ చేయాలి. ఇది సేంద్రియ నియమాలలో అనుమతించదగినదే అయినా, వాడే తయారీకి ధ్రువీకరణ సంస్థ ఆమోదం ఉందో లేదో ముందే చూసుకోవాలి. గింజను సూచించిన తేమకు ఆరబెడితే నిల్వలో పురుగు పెరగదు. సోకిన ఊరి గోనెసంచి శుభ్రపడకుండా సోకని ఊరికి పోరాదు.

దూసి పారేసిన పంటకు రైతుకు పరిహారం ఇవ్వకపోతే పై సూచనలలో మొదటిదే అమలు కాదు. దాచుకున్న సోకిన పండు రాత్రిపూట పక్క ఊరి సంతకు చేరుతుంది, దానితోపాటు పురుగూ చేరుతుంది. పరిహారం రేటు మామూలు పండు ధరకు ఎంత దగ్గరగా ఉంటే పురుగు వ్యాప్తి అంత నెమ్మదిస్తుంది. ఇది దయకు సంబంధించిన విషయం కాదు, సస్యరక్షణలో భాగం.

రానున్న కోతకాలంలో చింతపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానానికో, మన్యంలోని మరే కేంద్రానికో క్షేత్రానుభవం కోసం వెళ్ళే విద్యార్థులు ఒక పని చేపట్టవచ్చు. ఒక సంఘంలోని ముప్పై తోటలను ఎంచి, ఒక్కొక్క తోట నుండి కోత మొదట్లో, మధ్యలో, చివర కిలో పండు చొప్పున తీసుకుని, అందులో ఎర్రపండు ఎంత, పచ్చికాయ ఎంత, బొక్క పడినది ఎంత అని లెక్కించి, ఆ తోట గింజనే విడిగా ఆరబెట్టి, వేపి, రుచి చూడాలి. ఆ రుచి చూసే బల్ల వద్ద తోట యజమానిని కూడా కూర్చోబెట్టాలి. తన పక్కింటివాడి కప్పు తన కప్పు కన్నా ఎందుకు బాగుందో అతడు అడిగితే, చెప్పడానికి ఆ మూడు లెక్కలు విద్యార్థి పుస్తకంలో సిద్ధంగా ఉంటాయి.